బిల్లింగ్ డేటాబేస్ 11 దాటితే నత్తనడక, సీపీయూ చూస్తే ఖాళీ. ఎక్కడ వెతకాలి?

కోఠి_సిస్టమ్స్
మాది కోఠిలో మందుల హోల్‌సేల్. 45 బిల్లింగ్ కౌంటర్లు, అన్నిటి వెనక ఒకే లైనక్స్ సర్వర్, అందులో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. 8 కోర్లు, 16 జీబీ ర్యామ్, రెయిడ్ 10లో (ఒకదాని నకలు ఇంకొకదానిలో ఉండేలా కలిపిన) నాలుగు 10,000 ఆర్‌పీఎం డిస్కులు. సర్వర్ కొని ఐదేళ్లు దాటింది. డేటాబేస్ 90 జీబీ దాకా ఉంటుంది.

రెండు వారాలుగా ఉదయం 11 దాటితే చాలు, ఒక్క బిల్లు సేవ్ కావడానికి 30, 40 సెకన్లు పడుతోంది. ఇదివరకు సెకను కూడా పట్టేది కాదు. మధ్యాహ్నం రెండు తర్వాత కాస్త తగ్గుతుంది, సాయంత్రం ఐదు నుంచి మళ్లీ అదే. మెడికల్ షాపుల వాళ్లు బండి బయట పెట్టి కౌంటర్ దగ్గర నిలబడి ఉంటారు. ఆలస్యమైతే పక్క వీధిలో ఇంకొకరి దగ్గరికి పోతారు, మళ్లీ రారు. టాప్ కమాండ్‌లో లోడ్ యావరేజ్ (వరుసలో ఉన్న పనుల సగటు) 35 పైన కనిపిస్తోంది, సీపీయూ మాత్రం 10 శాతం కూడా వాడటం లేదు.

మొన్న కాదు, ఆ ముందు ఆదివారం సర్వర్ రీబూట్ చేశాను. రెండు రోజులు బాగుంది, మళ్లీ మొదలైంది. ఓనర్ గారు ర్యామ్ 64 జీబీ చేద్దామని కొటేషన్ తెప్పించారు. నాకెందుకో అది ర్యామ్ సమస్య అనిపించడం లేదు, కానీ రుజువు చూపించలేకపోతున్నాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

నాని_కూకట్‌పల్లి
ర్యామ్ వేసెయ్యండి అన్నా. 90 జీబీ డేటాబేస్‌కి 16 జీబీ ఏం సరిపోతుంది? షేర్డ్ బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ తన కోసం పక్కన పెట్టుకునే ర్యామ్) 12 జీబీకి పెంచండి, తేడా వెంటనే తెలుస్తుంది. మా ఆఫీసులో అలాగే తగ్గింది.

పాతయూనిక్స్
ముందు ఏదీ కొనకండి, ఏదీ మార్చకండి. రేపు 11:30కి, అంటే జబ్బు ఉన్నప్పుడే, రెండు కమాండ్లు నడపండి. ఒకటి మెమరీ, సీపీయూ సంగతి చూపే వీఎంస్టాట్ 5, రెండోది డిస్కు సంగతి చూపే ఐఓస్టాట్ మైనస్ ఎక్స్ 5. రెండింటిలోనూ మొదటి వరుస వదిలేయండి. అది సర్వర్ ఆన్ అయినప్పటి నుంచి సగటు, ఇప్పటి సంగతి చెప్పదు. ఒక పది వరుసలు ఇక్కడ పెట్టండి.

లోడ్ యావరేజ్ గురించి ఒక మాట. నేను 90ల చివర్లో సొలారిస్ మీద పని నేర్చుకున్నాను. అక్కడ లోడ్ 35 అంటే 35 పనులు సీపీయూ మీద నడుస్తున్నాయి, లేదా దాని కోసం క్యూలో ఉన్నాయి అని. లైనక్స్‌లో అలా కాదు. డిస్కు జవాబు కోసం ఆగిపోయిన ప్రాసెస్‌లను కూడా లోడ్‌లో కలుపుతుంది. టాప్‌లో వాటి స్టేటస్ డీ అని ఉంటుంది. 1993 నుంచీ లైనక్స్ లెక్క ఇదే. కాబట్టి లోడ్ 35 ఉండి సీపీయూ ఖాళీగా ఉందంటే అందులో వింతేమీ లేదు. ముప్పై మంది డిస్కు గుమ్మం ముందు నిలబడి ఉన్నారని అర్థం. ఎందుకు నిలబడ్డారో కనుక్కోవాలి.

లక్ష్మి_డీబీఏ
పైన పెద్దాయన చెప్పిందే చేయండి. దానితో పాటు అదే సమయంలో పీజీ_స్టాట్_యాక్టివిటీ (ఏ సెషన్ ఏం చేస్తోందో చూపే పట్టిక) కూడా తీయండి. స్టేట్, వెయిట్_ఈవెంట్, ఎక్స్‌యాక్ట్_స్టార్ట్ (ట్రాన్సాక్షన్ మొదలైన సమయం), క్వెరీ, ఈ నాలుగు కాలమ్స్ చాలు. ఎక్స్‌యాక్ట్_స్టార్ట్ ప్రకారం పాతవి పైకి వచ్చేలా వరుస పెట్టండి.

నాని గారూ, 16 జీబీలో 12 షేర్డ్ బఫర్స్‌కి ఇస్తే మిగతాది ఎవరు చూస్తారు? పోస్ట్‌గ్రెస్ ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్‌ను కూడా నమ్ముకుని నడుస్తుంది. మొత్తం ర్యామ్‌లో పావు వంతుతో మొదలుపెట్టమని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, 40 శాతం దాటితే లాభం ఉండకపోవచ్చని కూడా ఉంది. 45 కౌంటర్లు ఒక్కొక్కటీ సార్టింగ్‌కి వర్క్_మెమ్ వాడతాయి, అది వేరే లెక్క. 12 ఇచ్చారంటే స్వాప్ (ర్యామ్ చాలక డేటాను డిస్కు మీదికి నెట్టడం) మొదలవుతుంది, అప్పుడు 40 సెకన్లు కాస్తా 4 నిమిషాలు అవుతాయి.

నాని_కూకట్‌పల్లి
పావు వంతు రూలు నాకూ తెలుసు మేడమ్. కానీ మా దగ్గర పెంచితే నిజంగానే తగ్గింది, చూసిందే చెబుతున్నాను.

లక్ష్మి_డీబీఏ
తగ్గి ఉండవచ్చు. మీ దగ్గర అంతకు ముందు ఎంత ఉంది? డీఫాల్ట్ 128 ఎంబీయే ఉండి ఉంటే, ఎంతకు పెంచినా తేడా కనిపిస్తుంది.

నాని_కూకట్‌పల్లి
డీఫాల్టే ఉండేది. సరే, ఆ పాయింట్ ఒప్పుకుంటాను.

అమీర్‌పేట_ఫ్రెషర్
వీఎంస్టాట్‌లో ఏ కాలమ్ చూడాలి? కోర్సులో కమాండ్ పేరు చెప్పారు కానీ చదవడం చెప్పలేదు. అడిగితే ఇంటర్వ్యూలో ఇంత అడగరులే అన్నారు.

పాతయూనిక్స్
ఐదు కాలమ్స్ చాలమ్మా. ఆర్ అంటే సీపీయూ మీద ఉన్నవాళ్లు, సీపీయూ కోసం చూస్తున్నవాళ్లు. బీ అంటే డిస్కు లాంటి వాటి కోసం ఆగిపోయినవాళ్లు. ఎస్ఐ, ఎస్ఓ అంటే స్వాప్ నుంచి లోపలికి వచ్చేది, బయటికి పోయేది. డబ్ల్యూఏ అంటే సీపీయూకి వేరే పని లేక, డిస్కు జవాబు రాలేదని చేతులు కట్టుకుని కూర్చున్న సమయం. ఎస్ఐ, ఎస్ఓ రెండూ వరుసగా సున్నా ఉంటే మెమరీ చాలక స్వాప్ అవుతోంది అన్న అనుమానం కొట్టేయొచ్చు. నీ ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకుని ఒక పెద్ద ఫైలు కాపీ చేస్తూ చూడు, పది నిమిషాల్లో వచ్చేస్తుంది.

రామ్‌నగర్_రవి
నా అనుభవం ఒకటి చెబుతాను, దీనికి సరిపోతుందో లేదో చూడండి. మా పాత కంపెనీలో రోజు రిపోర్ట్ క్వెరీలో తేదీ కాలమ్‌ను ఫంక్షన్‌లో చుట్టి ఈ రోజుతో పోల్చారు. కాలమ్ మీద ఇండెక్స్ ఉంది. కానీ ఫంక్షన్ లోపల పెట్టేసరికి ఆ ఇండెక్స్ పనికిరాలేదు, 3 కోట్ల వరుసలు మొదటి నుంచి చివరి దాకా చదివేది. ఈ రోజు మొదలుకు సమానం లేదా ఎక్కువ, రేపటి మొదలు కంటే తక్కువ అని రాసేసరికి 50 సెకన్ల పని అరసెకనులో అయిపోయింది. ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ (క్వెరీ ఎలా నడిచిందో చూపే కమాండ్) బఫర్స్‌తో పెట్టి చూస్తే సీక్వెన్షియల్ స్కాన్ అని కనిపిస్తుంది. మీ దగ్గర ఈ మధ్య కొత్త రిపోర్ట్ ఏదైనా పెట్టారా?

కోఠి_సిస్టమ్స్
పొద్దున 11:40కి తీశాను. మొత్తం పెడితే చాలా పెద్దది, సారం రాస్తున్నాను.

వీఎంస్టాట్: ఆర్ 2, బీ 28 నుంచి 33. ఎస్ఐ, ఎస్ఓ రెండూ సున్నా. యూజర్ సీపీయూ 9, డబ్ల్యూఏ 60 దగ్గర. ఫ్రీ కమాండ్‌లో 9 జీబీ క్యాష్‌లో ఉంది.

ఐఓస్టాట్: డిస్కు 99 శాతం బిజీ. ఒక్కో రీడ్‌కి 30 మిల్లీసెకన్లు, ఒక్కో రైట్‌కి 45.

యాక్టివిటీ: 30 దాకా సెషన్లు డేటా ఫైల్ చదవడం కోసం ఆగి ఉన్నాయి, కొన్ని కమిట్ (మార్పును ఖాయం చేయడం) దగ్గర వాల్ (ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే లాగ్) రాయడం కోసం. అన్నిటికంటే పైన ఒక వరుస ఉంది. స్టేట్ ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ (ట్రాన్సాక్షన్ తెరిచి, ముగించకుండా ఖాళీగా ఉంది), మొదలై 8 రోజుల 2 గంటలు. అది పని చేయకుండా ఊరికే కూర్చుంది కదా, దానివల్ల భారం ఏముంటుంది అని వదిలేశాను.

రవి గారూ, కొత్త రిపోర్ట్ కాదు కానీ రెండు వారాల క్రితం కొత్త అకౌంటెంట్ గారి పీసీలో ఒక రిపోర్ట్ టూల్ వేశాం.

పాతయూనిక్స్
స్వాప్ సున్నా. ర్యామ్ కొటేషన్ సొరుగులో పెట్టేయండి.

లక్ష్మి_డీబీఏ
ఆ ఊరికే కూర్చున్న వరుసే! దాన్ని వదలకండి. ఏ ఐపీ నుంచి వచ్చిందో క్లయింట్_అడ్రస్‌లో చూడండి. ఆ అకౌంటెంట్ గారి పీసీయే అయి ఉంటుంది.

ఎందుకో చెబుతాను. పోస్ట్‌గ్రెస్‌లో వరుసను అప్‌డేట్ చేస్తే పాతదాని మీద చెరిపి రాయదు. కొత్త ప్రతి ఒకటి రాసి, పాతదాన్ని అలాగే ఉంచుతుంది. ఆ పాత ప్రతి ఎవరికీ అవసరం లేదని తేలాక వాక్యూమ్ వచ్చి ఊడుస్తుంది. ఎవరికీ అవసరం లేదని ఎలా తెలుస్తుంది? తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్లలో అతి పాత స్నాప్‌షాట్ (ఆ ట్రాన్సాక్షన్ చూస్తున్న అప్పటి డేటా) ఏదో చూసి. మీ దగ్గర అది 8 రోజుల కిందటిది. అంటే 8 రోజుల్లో పాతబడిన ఏ వరుసనూ ఆటోవాక్యూమ్ తీయలేదు. అది నిమిషానికోసారి లేస్తుంది, టేబుల్ అంతా తిరుగుతుంది, ఏమీ తీయలేక తిరిగి వెళ్తుంది. ఆ తిరగడం కూడా డిస్కు మీద భారమే.

పీజీ_స్టాట్_యూజర్_టేబుల్స్‌లో లైవ్, డెడ్ వరుసల లెక్క తీసి డెడ్ ఎక్కువ ఉన్న టేబుల్స్ ఐదు పెట్టండి. యాక్టివిటీలో ఆ వరుసకు బ్యాకెండ్_ఎక్స్‌మిన్ (ఆ సెషన్ పట్టి ఉంచిన పాత స్నాప్‌షాట్ గుర్తు) కూడా చూడండి. అది ఖాళీగా ఉంటే నా అనుమానం తప్పు కావచ్చు.

అందరి కోసం ఇంకొకటి. వాక్యూమ్‌ను పట్టి ఆపేది ఇదొక్కటే కాదు. ఎవరూ వాడని రెప్లికేషన్ స్లాట్ (నకలు సర్వర్ ఎంతవరకు చదివిందో గుర్తుంచుకునేది), మధ్యలో వదిలేసిన ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్, గంటల తరబడి నడిచే పీజీ_డంప్ బ్యాకప్, ఇవి కూడా అదే పని చేస్తాయి.

మౌలాలి_కిరణ్
రెప్లికేషన్ స్లాట్ మాట నిజం. మేము స్టాండ్‌బై సర్వర్ తీసేసి స్లాట్ తీయడం మర్చిపోయాం. వాల్ ఫైళ్లు పేరుకుని డిస్కు నిండి, డేటాబేస్ ఆగిపోయింది. శనివారం రాత్రి.

కోఠి_సిస్టమ్స్
మేడమ్, ఐపీ ఆ పీసీదే. బ్యాకెండ్_ఎక్స్‌మిన్ ఉంది. స్టాక్ టేబుల్‌లో లైవ్ వరుసలు 62 వేలు. డెడ్ 1 కోటి 74 లక్షలు. టేబుల్ సైజు 4.5 జీబీ, దాని ఇండెక్సులు ఇంకో 2.5.

62 వేల మందుల జాబితాకి 7 జీబీ! అది చూసి కాసేపు మాట రాలేదు. కానీ రోజుకు మేము వేసే బిల్లులకు ఇన్ని అప్‌డేట్లు ఉండవే. లక్ష లైన్లు కూడా ఉండవు.

రామ్‌నగర్_రవి
బిల్లులవి కావు. క్రాన్‌ట్యాబ్ (టైమ్ ప్రకారం వాటంతటవే నడిచే పనుల జాబితా) చూడండి. మొత్తం స్టాక్‌ను ఒకేసారి అప్‌డేట్ చేసే జాబ్ ఏదో ఉంటుంది. 1.74 కోట్లను 62 వేలతో భాగిస్తే 280 సార్లు. ఆదివారం తీసేస్తే 7 పనిదినాలు, రోజుకు 40 సార్లు. అంటే పావుగంటకోసారి, పది గంటల పాటు.

కోఠి_సిస్టమ్స్
అక్షరాలా అంతే! ప్రతి 15 నిమిషాలకు ఎక్స్‌పైరీ స్టేటస్ లెక్కకట్టే జాబ్ ఉంది, ఉదయం 10 నుంచి రాత్రి 8 దాకా. ఏ మందు మూడు నెలల్లో ఎక్స్‌పైరీ అవుతుందో ఎర్ర రంగులో చూపించడానికి. స్టేటస్ మారినా మారకపోయినా అన్ని వరుసలనూ తిరగరాస్తోంది. నేను రాకముందు నుంచీ ఉంది, దాని వైపు ఎవరూ చూడలేదు.

లక్ష్మి_డీబీఏ
ఒక్కో మందుకు 280 పాత ప్రతులు. కౌంటర్‌లో పారాసిటమాల్ అని కొట్టగానే ఇండెక్స్ ఆ 280నీ చూపిస్తుంది, ఏది ఇప్పటిదో తెలియడానికి అన్నిటినీ తిరగాలి. పైగా ఆ 7 జీబీ చెత్త మీ 9 జీబీ క్యాష్‌లో కూర్చుని, అక్కడ ఉండాల్సిన బిల్లుల టేబుల్‌ను బయటికి నెట్టేసింది. అందుకే ఇన్ని రీడ్స్.

నాని గారికి న్యాయంగా ఒక మాట చెప్పాలి. ర్యామ్ 64 వేసి ఉంటే నిజంగానే తగ్గేది, చెత్తకు కూడా చోటు దొరికేది కాబట్టి. ఒకటి రెండు నెలలు. ఆ తర్వాత మళ్లీ ఇదే పోస్ట్ వచ్చేది.

నాని_కూకట్‌పల్లి
ఇది నాకు కొత్త సంగతి మేడమ్. ఐడిల్ అని ఉంటే నేనూ వదిలేసేవాణ్ని.

చార్మినార్_చందు
ఆ ప్రాసెస్ ఐడీ పట్టుకుని కిల్ మైనస్ 9 కొట్టేయండి, అయిపోతుంది.

లక్ష్మి_డీబీఏ
వద్దు, వద్దు! పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్ మీద కిల్ మైనస్ 9 ఎప్పుడూ వాడకండి. ఒక్క సెషన్ అలా పోతే షేర్డ్ మెమరీ పాడై ఉండవచ్చని మెయిన్ ప్రాసెస్ భయపడి, మిగతా సెషన్లన్నీ తెంచేసి క్రాష్ రికవరీలోకి వెళ్తుంది. 45 కౌంటర్లూ ఒకేసారి పోతాయి. డేటాబేస్ లోపలి నుంచి పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్ పిలవండి. ఆ ఒక్క సెషనే మర్యాదగా వెళ్లిపోతుంది.

పాతయూనిక్స్
దీనికి నేనే సాక్షి. పదేళ్ల క్రితం ఒకచోట నా కింద పనిచేసిన కుర్రాడు ఇదే చేశాడు. రికవరీకి 20 నిమిషాలు పట్టింది. ఆ 20 నిమిషాలు నా పక్కన నిలబడి వణికిపోయాడు పాపం. ముందే చెప్పకపోవడం నా తప్పు.

కోఠి_సిస్టమ్స్
టెర్మినేట్ చేశాను. అంతకు ముందు అకౌంటెంట్ గారి దగ్గరికి వెళ్లి అడిగాను. ఆయన పీసీ ఎప్పుడూ ఆపరు, ఆ టూల్ ఎప్పుడూ మూయరు. పోయిన సోమవారం స్టాక్ రిపోర్ట్ తీసి అలాగే వదిలారు. టూల్‌లో ఆటో కమిట్ ఆఫ్‌లో ఉంది, వేసినవాణ్ని నేనే. ఆయన తప్పేమీ లేదు.

ఇప్పుడు వాక్యూమ్ నడుస్తోంది. తర్వాత?

లక్ష్మి_డీబీఏ
మామూలు వాక్యూమ్ చెత్తను ఊడ్చి ఆ చోటు మళ్లీ వాడుకునేలా చేస్తుంది, ఫైలు సైజు మాత్రం పెద్దగా తగ్గదు. తగ్గించాలంటే వాక్యూమ్ ఫుల్. అది నడుస్తున్నంత సేపు టేబుల్ మొత్తం లాక్ అవుతుంది, చదవడానికి కూడా కుదరదు. కాబట్టి రాత్రి కౌంటర్లు మూశాక చేయండి. లైవ్ 62 వేలే కాబట్టి ఎక్కువసేపు పట్టదు. కొత్త ఫైలు రాయడానికి డిస్కులో ఖాళీ ఉందో లేదో ముందు చూసుకోండి. ఇండెక్సులు కూడా అందులోనే కొత్తగా తయారవుతాయి.

ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమవుట్ 10 నిమిషాలు పెట్టండి. 9.6 వెర్షన్ నుంచి ఉంది, డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. టూల్‌లో ఆటో కమిట్ ఆన్ చేయండి.

రామ్‌నగర్_రవి
ఆ జాబ్ కూడా మార్చండి. కొత్త స్టేటస్ పాతదాని కంటే వేరుగా ఉన్న వరుసలకే అప్‌డేట్ అని ఒక షరతు కలిపితే చాలు. ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్ వాడండి, నల్ (ఖాళీ విలువ) ఉన్నా సరిగ్గా పోలుస్తుంది. అసలు ఎక్స్‌పైరీ స్టేటస్ రోజుకోసారి మారితే చాలదా? పావుగంటకోసారి మందు ముసలిది కాదుగా.

కోఠి_సిస్టమ్స్
రాత్రి చేశాం. 4.5 జీబీ టేబుల్ 17 ఎంబీ అయింది. జాబ్‌లో షరతు పెట్టాక 62 వేలకు బదులు 300 వరుసలే మారాయి. రవి గారు చెప్పినట్టు ఇకపై రోజుకోసారే, తెల్లవారుజామున.

ఈ రోజు 11:30కి బిల్లు 6, 7 సెకన్లలో సేవ్ అవుతోంది. 40 నుంచి 6కి వచ్చింది, కౌంటర్ వాళ్లు చాయ్ తెప్పించారు. కానీ అంతకు ముందు సెకను లోపే అయ్యేది. ఇంకా ఏదో ఉంది. డిస్కు ఇప్పటికీ 80 శాతం బిజీ.

పాతయూనిక్స్
ఐఓస్టాట్ మళ్లీ పెట్టండి. రీడ్స్, రైట్స్ విడివిడిగా కావాలి.

కోఠి_సిస్టమ్స్
రీడ్స్ దాదాపు లేవు. రైట్‌కి ఇంకా 40 మిల్లీసెకన్లు. యాక్టివిటీలో అందరూ వాల్ రాయడం, వాల్ సింక్ దగ్గరే ఆగుతున్నారు.

మౌలాలి_కిరణ్
చెక్‌పాయింట్లు (మెమరీలోని మార్పులను డేటా ఫైళ్లకు రాయడం) అయి ఉంటాయి. మ్యాక్స్_వాల్_సైజ్ డీఫాల్ట్ 1 జీబీయే ఉంటే పెంచండి. లాగ్‌లో చెక్‌పాయింట్లు తరచుగా వస్తున్నాయని హెచ్చరిక ఉంటుంది.

కోఠి_సిస్టమ్స్
పెంచి చూశాను కిరణ్ గారూ, 4 జీబీ. లాగ్‌లో హెచ్చరికలు పోయాయి. రైట్ సమయం మాత్రం తగ్గలేదు.

డిస్క్_డాక్టర్
ఈ థ్రెడ్ ఇప్పుడే చూశాను. నేను 14 ఏళ్లుగా సికింద్రాబాద్‌లో సర్వర్ హార్డ్‌వేర్ సర్వీస్ చేస్తున్నాను. ఐదేళ్లు దాటిన సర్వర్, రెయిడ్ కంట్రోలర్ (డిస్కులను నడిపే కార్డు), రీడ్స్ బాగున్నాయి, రైట్స్ మాత్రం 40 మిల్లీసెకన్లు. కంట్రోలర్ బ్యాటరీ చూడండి. కంట్రోలర్‌తో వచ్చిన కమాండ్ టూల్‌లో బ్యాటరీ స్టేటస్ అడగండి. వాల్యూమ్ క్యాష్ పాలసీ రైట్ బ్యాక్ అని ఉందా, రైట్ త్రూ అని ఉందా చూసి రాయండి. రెండు చోట్ల ఉంటుంది, సెట్ చేసింది ఒకటి, ఇప్పుడు నడుస్తున్నది ఒకటి. రెండోదే ముఖ్యం.

కోఠి_సిస్టమ్స్
సెట్ చేసింది రైట్ బ్యాక్. నడుస్తున్నది రైట్ త్రూ. బ్యాటరీ ఫెయిల్డ్. కంట్రోలర్ లాగ్‌లో చూస్తే నెల క్రితమే ఫెయిల్ అయింది. నెల రోజులు! ఏ అలారమూ మోగలేదు, ముందు వైపు ఒక పసుపు లైటు వెలుగుతోంది. ర్యాక్ తలుపు మూసి ఉంటుంది కాబట్టి కనిపించలేదు.

ఇప్పుడు గుర్తొస్తోంది, నెల నుంచీ బిల్లు కాస్త నిదానమైందని 12వ కౌంటర్‌లో పెద్దాయన అంటూనే ఉన్నారు. నేను నెట్‌వర్క్ అనుకున్నాను.

అమీర్‌పేట_ఫ్రెషర్
డాక్టర్ గారూ, బ్యాటరీకీ స్పీడుకీ సంబంధం ఏమిటి? బ్యాటరీ కరెంటు పోయినప్పుడే కదా కావాలి?

డిస్క్_డాక్టర్
మంచి ప్రశ్న. కమిట్ కొట్టినప్పుడు డేటా శాశ్వతంగా చేరిందని డిస్కు చెప్పేదాకా డేటాబేస్ ఆగుతుంది. కంట్రోలర్ మీద సొంత క్యాష్ ఉంటుంది. బ్యాటరీ బాగుంటే, డేటా ఆ క్యాష్‌లోకి రాగానే చేరింది అని చెప్పేస్తుంది, తీరిగ్గా డిస్కులకు రాసుకుంటుంది. కరెంటు పోయినా బ్యాటరీ ఆ క్యాష్‌ను కాపాడుతుంది కాబట్టి ఆ మాట నమ్మొచ్చు. ఇది రైట్ బ్యాక్.

బ్యాటరీ చచ్చిపోతే ఆ మాట ఇచ్చే ధైర్యం కంట్రోలర్‌కి ఉండదు. నిజంగా పళ్లెం మీద రాశాకే చెబుతుంది. ఇది రైట్ త్రూ. 10,000 ఆర్‌పీఎం డిస్కు సెకనుకు 166 చుట్లు తిరుగుతుంది, ఒక చుట్టుకు 6 మిల్లీసెకన్లు. రాయాల్సిన చోటు హెడ్ కిందికి వచ్చేదాకా ఆగాలి, హెడ్ ఆ ట్రాక్‌కి జరగాలి. ఆ మీద 45 కౌంటర్లు ఒకరి వెనక ఒకరు. మీ 40 మిల్లీసెకన్లు అక్కడి నుంచే వచ్చాయి. ఒక బిల్లుకు ఎన్ని కమిట్లు అవుతున్నాయో కూడా చూడండి. ఒక్కో లైనుకు ఒక కమిట్ చేసే సాఫ్ట్‌వేర్లు నేను చూశాను.

కంట్రోలర్లు మధ్యమధ్యలో బ్యాటరీని పూర్తిగా దించి మళ్లీ ఛార్జ్ చేసి పరీక్షించుకుంటాయి, లెర్న్ సైకిల్ అంటారు. అప్పుడు కూడా కొన్ని గంటలు రైట్ త్రూలోకి వెళ్లే రకాలున్నాయి. నెలకోసారి కారణం తెలియకుండా నెమ్మదిస్తే ఇది కూడా చూడండి.

కోఠి_సిస్టమ్స్
ఇప్పుడే చూశాను. 15 లైన్ల బిల్లుకు 15 పైనే కమిట్లు. అందుకే ఒక్క బిల్లు అన్నిసార్లు ఆగుతోంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకు రాశాను.

నాని_కూకట్‌పల్లి
బ్యాటరీ వచ్చేదాకా రైట్ బ్యాక్ ఫోర్స్ చేసుకోవచ్చు కదా? బ్యాటరీ లేకున్నా క్యాష్ వాడు అనే ఆప్షన్ ఉంటుంది. యూపీఎస్ ఎలాగూ ఉంటుంది. లేదా ఎఫ్‌సింక్ (డేటా డిస్కుకు చేరేదాకా ఆగడం) ఆఫ్.

డిస్క్_డాక్టర్
దయచేసి చేయకండి. ఇది నేను గొడవ పడైనా ఆపే విషయం. ఒక నర్సింగ్ హోమ్‌లో స్పీడు కోసం ఎవరో ఎఫ్‌సింక్ ఆఫ్ చేసి పెట్టారు. మే నెలలో గాలివాన వచ్చి కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది. దాని బ్యాటరీలు కూడా ముసలివే, లోడ్ పడగానే కూలిపోయింది. కరెంటు వచ్చాక డేటాబేస్ లేవలేదు. చివరి మంచి బ్యాకప్ మూడు రోజుల కిందటిది. కాగితం బిల్లులు ముందేసుకుని ఇద్దరు నర్సులు, ఒక క్లర్కు రాత్రంతా కూర్చుని మళ్లీ ఎక్కించారు. వాళ్ల ముఖాలు నేను మర్చిపోలేను.

లక్ష్మి_డీబీఏ
ఎఫ్‌సింక్ ఆఫ్ అంటే డేటాబేస్ మొత్తం పాడవ్వొచ్చు. సింక్రనస్_కమిట్ ఆఫ్ అనేది వేరు, రెండిటినీ కలపకండి. దానివల్ల డేటాబేస్ పాడవదు, కానీ క్రాష్ అయితే చివరి అరసెకను, అటూ ఇటూగా జరిగిన కమిట్లు మాయమవుతాయి. పైగా దాన్ని సెషన్‌కో ట్రాన్సాక్షన్‌కో విడిగా పెట్టుకోవచ్చు. మీ ఎక్స్‌పైరీ జాబ్‌కి పెట్టండి, పోయినా మళ్లీ లెక్కకట్టుకోవచ్చు. బిల్లులకు పెట్టాలా అనేది మీ ఇష్టం.

కోఠి_సిస్టమ్స్
బిల్లులకు పెట్టను మేడమ్. మా దగ్గర ప్రతి బిల్లులో బ్యాచ్ నంబర్ ఉంటుంది. ఏదైనా బ్యాచ్ వెనక్కి రప్పించమంటే ఆ నంబర్ పట్టుకునే ఏ షాపుకు వెళ్లిందో కనుక్కుంటాం. కాగితం షాపు చేతిలో ఉండి మా దగ్గర ఎంట్రీ లేదంటే ఒప్పుకోలేను. నాలుగు రోజులు 6 సెకన్లు భరిస్తాం.

పాతయూనిక్స్
సరైన నిర్ణయం.

మౌలాలి_కిరణ్
బ్యాటరీ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో అడిగి చూడండి, సాయంత్రానికి దొరకొచ్చు.

డిస్క్_డాక్టర్
దొరుకుతుంది, కానీ తయారీ తేదీ చూసి తీసుకోండి. అరలో మూడేళ్లు ఉన్న బ్యాటరీ కొత్తదైనా పాతదే. సర్వర్ గదిలో వేడి ఎంత? ఈ బ్యాటరీలను తొందరగా చంపేది వేడే.

కోఠి_సిస్టమ్స్
మధ్యాహ్నం 34 డిగ్రీలు. రెండు ఏసీల్లో ఒకటి ఏప్రిల్ నుంచి పని చేయడం లేదు. ర్యామ్ కొటేషన్ డబ్బులో పదో వంతుకు ఏసీ రిపేరు, బ్యాటరీ రెండూ అవుతాయి. ఓనర్ గారికి ఈ థ్రెడ్‌లోని అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి చూపించాను. రెండుసార్లు చదివి సరే అన్నారు.

కోఠి_సిస్టమ్స్
ఆదివారం బ్యాటరీ మార్చాం. ఛార్జ్ కావడానికి కొన్ని గంటలు పట్టింది, అప్పటిదాకా రైట్ త్రూలోనే ఉంది. సాయంత్రానికి రైట్ బ్యాక్‌కి వచ్చింది.

ఈ రోజు సోమవారం, నెలలో అతి రద్దీ రోజు. 11:45కి లోడ్ 1.8. రైట్‌కి 1 మిల్లీసెకను లోపే. బిల్లు 0.4 సెకన్లు. 12వ కౌంటర్ పెద్దాయన చెయ్యి ఊపారు.

ఇప్పుడు క్రాన్‌లో రెండు చిన్న చెక్‌లు పెట్టాను. అరగంట దాటిన ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ ఉంటే నాకు మెయిల్. బ్యాటరీ స్టేటస్, నడుస్తున్న క్యాష్ పాలసీ రోజూ పొద్దున 7కి మెయిల్. లక్ష్మి గారికి, పాతయూనిక్స్ పెద్దాయనకి, డాక్టర్ గారికి, రవి గారికి ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. కోఠి వైపు వస్తే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ నావి.

అమీర్‌పేట_ఫ్రెషర్
పోయిన వారమే ఒక చిన్న కంపెనీలో ట్రైనీగా చేరాను. ఈ థ్రెడ్ చదివి ఇందాక మా సర్వర్‌లో అదే క్వెరీ నడిపాను. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్, 3 రోజుల 6 గంటలు. బ్యాకెండ్_ఎక్స్‌మిన్ కూడా ఉంది. టెర్మినేట్ చేసే ముందు ఎవరిని అడగాలి?

లక్ష్మి_డీబీఏ
ఐపీ చూసి ఆ సీటు దగ్గరికి నడిచి వెళ్లమ్మా. సేవ్ చేయని పని ఏదైనా ఉందేమో అడుగు. తర్వాత మీ సీనియర్‌కి చెప్పి చెయ్యి. డెడ్ వరుసల లెక్క ఇక్కడ పెట్టు, చూద్దాం.